చిటపట ఆగగానే తిప్పాలి

మెక్సికో పడమటి తీరాన సాన్ బ్లాస్ ఊరి ఇసుక మీద కొబ్బరాకు పాకలు పదిహేడు ఉంటే, వాటిలో చేప కోసం జనం నిలబడి ఎదురుచూసేది ఒక్క ఒతీలియా పాక దగ్గరే. మిగతా పదహారు పాకల వాళ్ళు ఈ మాట ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనివ్వండి. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ ఇంటి పిల్లలు ఎక్కడ కూర్చుని తింటున్నారో చూస్తే చాలు.

ఒతీలియాకి అరవై నాలుగేళ్ళు. ఎనిమిదో ఏట తల్లి రెమెహియా ఆమెనీ, నాలుగేళ్ళు చిన్నదైన చెల్లెలు ఎర్మెలిందానీ నిప్పుల పక్కన కూర్చోబెట్టింది. ఎర్రటి పార్గో చేపని వీపు వైపు నుంచి చీల్చి, పుస్తకంలా తెరిచి, ఎండుమిర్చి, వెల్లుల్లి, పుల్ల నారింజ రసం కలిపి నూరిన ముద్ద పట్టించి, రెండు ఇనుప జాలీల మధ్య బిగించి, మడకట్టె నిప్పుల మీద పెట్టడం ఎవరికైనా వారం రోజుల్లో వస్తుంది. తిప్పడమే రాదు. చేప కొవ్వు నిప్పుల్లో పడుతున్నంత సేపూ చిటపటలాడుతుంది. ఉన్నట్టుండి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలో తిప్పాలి. అయిదు లెక్కపెట్టేంత ఆలస్యం చేస్తే చర్మం మాడి జాలీకి అతుక్కుంటుంది. రెమెహియా నిప్పులకి వీపు పెట్టి, చిక్కుళ్ళలో రాళ్ళు ఏరుకుంటూ, తల తిప్పకుండానే "తిప్పండే" అనేది. చూసి కాదు, విని వండాలి అనేదే ఆవిడ కూతుళ్ళకి ఇచ్చిన చదువు. ఆ చదువులో ఇద్దరూ పాసయ్యారు.

ఒతీలియా మొగుడు రొయ్యల పడవ ఎక్కి ఉత్తరానికి పోయి, రెండు ఉత్తరాలు రాసి, మూడోది రాయడం మర్చిపోయాడు. ఆ సంగతి ఆమె నవ్వుతూనే చెబుతుంది. కూతురు రొసాల్బాని ఆ జాలీ మీదే పెంచింది, నబోర్‌కిచ్చి పెళ్ళి చేసింది. నలభై ఏళ్ళుగా పట్నాలైన గ్వాదలహారా నుంచీ, తెపిక్ నుంచీ ముసలమ్మలతో, మూటలతో, ఏడ్చే పిల్లలతో షికారుకొచ్చిన కుటుంబాలకి చేప పెట్టి పంపించింది. తను మాత్రం ఒక్కసారి కూడా షికారుకి వెళ్ళి ఎరగదు.

అందుకే మే నెలలో ఒకరోజు రొసాల్బా వచ్చి ఆ మాట అనేసరికి ఒతీలియాకి అర్థం కాలేదు.

"అమ్మా, ఈ మంగళారం పాక మూసెయ్యి. షికారుకి పోదాం."

"షికారుకా? నేనా? నాకేం పనీ పాటా లేదనుకున్నావా?"

"మంగళారం ఎవరొస్తారే? కిందటి మంగళారం ఒక కుక్కా, ఒక పోస్టుమానూ వచ్చారు. ఆ పోస్టుమాను కూడా దారి తప్పి వచ్చాడు."

"ఎటు పోదామని?"

"ఏముందీ, ఇలా సముద్రం పక్కనే కిందకి. ఊరూరా ఆగి, తలా ఒక ముక్క తిని వద్దాం. నబోర్ బండి తోల్తానన్నాడు."

సముద్రం పక్కన కిందకి ఉన్నది ఒక్కటే దారి. ఆ దారిలో మతంచెన్, అతికామా, లోస్ కోకోస్, మిరమార్ అయ్యాక ప్లాతానితోస్ వస్తుంది. ప్లాతానితోస్‌లో ఎర్మెలిందా పాక ఉంది. ఆ సంగతి రొసాల్బాకి తెలుసు, ఒతీలియాకీ తెలుసు. తెలిసినట్టు ఇద్దరూ బయటపడలేదు.

అక్కచెల్లెళ్ళకి మాటల్లేక పదకొండేళ్ళు. తల్లి పోయిన తొమ్మిదో రోజున, ప్రార్థనలన్నీ అయి ఊరంతటికీ భోజనం పెట్టే వేళ, ఎర్మెలిందా తన జాలీ పట్టుకుని ప్లాతానితోస్ నుంచి వచ్చింది. వచ్చి, చేపలకి పట్టించే ముద్దలో సీసాలోంచి తెల్లటి మయోనైజ్ తీసి కలిపింది. దాంతోపాటు ఆవపిండి కూడా. "అందరూ ఇలాగే చేస్తున్నారక్కా, చేప మెత్తగా ఉంటది" అంది. ఒతీలియా ఊరంతా వింటుండగా తల్లి ఫోటో మీద చెయ్యి వేసి, "నీ చేత్తో కాల్చిన చేప ఒక్క ముక్క నా నోట్లోకి పోతే అమ్మ మీద ఒట్టు" అనేసింది. మా తీరంలో ఒక ఆడమనిషి చేతి వంట తిననని పదిమందిలో అనడం కంటే చెంప మీద కొట్టడం నయం. ఎర్మెలిందా ఇంకా వేడిగా ఉన్న జాలీని తడి గోనెలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

నిజానికి ఆ కోపం మయోనైజ్ మీద కాదు. తల్లి మంచం పట్టిన రెండేళ్ళూ ఎత్తింది, కడిగింది, రాత్రిళ్ళు మేలుకున్నది ఒతీలియా ఒక్కతే. ఎర్మెలిందా ఆదివారాలు వచ్చి, తల్లి జుట్టు దువ్వి, నాలుగు కబుర్లు చెప్పి, చీకటి పడకముందే బస్సెక్కేది. ఆ మాట అడగడానికి నోరు రాక, కోపమంతా ఆ తెల్లటి సీసా మీద పడింది. ఈ సంగతి ఒతీలియాకి మూడో నెలలోనే తెలిసింది. తెలిస్తే మాత్రం ఏం లాభం? తల్లి మీద వేసిన ఒట్టు వెనక్కి తీసుకోవడం ఎలాగో ఎవరూ నేర్పలేదు.

మంగళవారం పొద్దున్నే నబోర్ బండి వచ్చింది. ఒతీలియా చెవులకి బంగారు పోగులు, మీద నీలం శాలువాతో ముందు సీట్లో కూర్చుంది. వెనక సీట్లో రొసాల్బా, ఆమె తొమ్మిదేళ్ళ కూతురు ఇత్సెల్. ఇత్సెల్ ముందుకు వంగి శాలువా అంచు ఎత్తి చూసింది.

"అమ్మమ్మా! వంట ఏప్రన్ కట్టుకునే వచ్చావే!"

"ఇది లేకపోతే నడుం దగ్గర ఏదో మర్చిపోయినట్టు ఉంటదే" అంది ఒతీలియా.

రాత్రి పక్క మీద ఆమె ఒక ఉపాయం ఆలోచించుకుంది. ప్లాతానితోస్ చేరేలోపు పీకలదాకా తినెయ్యాలి. కడుపు నిండిన మనిషిని తినమని ఎవరూ బలవంతపెట్టరు. తినమననప్పుడు వద్దని చెప్పక్కర్లేదు. ఒట్టూ దక్కుతుంది, చెల్లెలికి రెండోసారి అవమానమూ జరగదు. కూర్చుని, నాలుగు మంచి మాటలు మాట్లాడి వచ్చెయ్యొచ్చు. ఇంత తెలివైన ఉపాయం తనకే తట్టినందుకు ఆమె తనని తాను మెచ్చుకుంది కూడా.

మతంచెన్‌లో బండి ఆగీ ఆగకముందే దిగింది. పొయ్యిలోంచి అప్పుడే తీసిన అరటి రొట్టె, ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా ఉంది. తలా ఒక ముక్క అనుకున్నది, ఒతీలియా మొత్తం రొట్టె ఒళ్ళో పెట్టుకుంది. "అరటిపండు బాగా మాగింది. పంచదార కాస్త ఎక్కువేసింది, అయినా పర్వాలేదు" అని తీర్పు చెప్పి, అంచు దాకా తినేసింది. మలుపు దగ్గర ఒక ఆవిడ పనసతొనలకి కారం, ఉప్పు అద్ది నిమ్మకాయ పిండి అమ్ముతోంది. అక్కడా ఆపించింది. నబోర్ రెండు తొనలు తింటే ఆమె ఎనిమిది తింది.

అతికామాలో గుల్లలు, అంటే పచ్చిగానే మింగే ఆల్చిప్పలు. సముద్రంలోంచి తెచ్చిన గుల్లలు తడి గోనెల కింద కుప్పలుగా ఉన్నాయి. అమ్మే ఆవిడ ఒతీలియాని చూసి కత్తి పట్టుకున్న చేత్తోనే దండం పెట్టింది.

"దోన్యా ఒతీలియా! మీరేంటి ఇటుపక్క కూర్చున్నారు?"

"ఇవాళ నేను షికారుకొచ్చిన దాన్నిలే. రెండు డజన్లు కొట్టు."

"అందరికీనా?"

"నాకు. వాళ్ళకేం కావాలో వాళ్ళని అడుగు."

గుల్ల తెరిచీ తెరవగానే నిమ్మరసం, రెండు చుక్కల కారం వేసి, ఒక్క గుటక. నోట్లో సముద్రం పొంగి లోపలికి జారిపోతుంది. పది తిన్నాక ఆమెకి కూర్చోబుద్ధి కాలేదు. లేచి పక్క బల్ల వాళ్ళకి నిమ్మకాయలు కోసిపెట్టింది, ఒక ముసలాయన గుల్ల సరిగ్గా తెరవలేకపోతుంటే లాక్కుని తెరిచి ఇచ్చింది, బల్ల తుడవబోయింది. రొసాల్బా వచ్చి శాలువా అంచు పట్టుకుని లాక్కొచ్చింది.

"కూర్చోవే అమ్మా! నువ్వు డబ్బులిచ్చి తినే మనిషివి ఇవాళ."

"ఏం చెయ్యమంటావే, చేతులు ఊరుకోవు."

లోస్ కోకోస్‌లో రెండు బొండాలు, వాటిలోని లేత కొబ్బరి, దాని మీద మళ్ళీ కారం, నిమ్మకాయ. మిరమార్‌లో మీసాల తమాలెలు. మొక్కజొన్న పిండి ముద్దలో రొయ్యల్ని తలతో సహా పెట్టి, పొత్తి ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. రొయ్యల మీసాలు ఆకులోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఇత్సెల్ ఒక తమాలెని మూతి దగ్గర పెట్టుకుని వాళ్ళ బడి మాస్టారిలా దగ్గింది. అందరూ పడీ పడీ నవ్వారు. ఒతీలియా మూడు తింది. మూడోది ఎక్కడ పడుతోందో ఆమెకే తెలియలేదు.

"అత్తయ్యా, ముందు టైరు కుంగిపోతంది. కాసేపు వెనక కూకుంటారా?" అన్నాడు నబోర్.

"నోర్ముయ్యి అల్లుడూ. మీ అమ్మ వండిన పప్పు నీళ్ళు తాగి బక్కచిక్కినోడివి, నీకేం తెల్సు తిండి సంగతి?"

నబోర్ ఆనందంగా నవ్వాడు. అత్తగారి చేత తిట్టు తినకపోతే అతనికి రోజు గడిచినట్టు ఉండదు. రొసాల్బా మాత్రం నవ్వలేదు. తల్లి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అమ్మా, నువ్వు ఆకలేసి తింటల్లేదు."

"మరెందుకు తింటన్నా?"

"భయమేసి తింటన్నావ్."

ఒతీలియా కూతురి మొహంలోకి చూడలేదు. "ఏమ్మా, ఇంకోటి ఇటియ్యి" అని తమాలెలావిడని పిలిచింది. అది చేతిలోనే ఉండిపోయింది. ప్లాతానితోస్ దాకా దాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భయం ఉన్న మాట నిజమే. చెల్లెలు మొహం తిప్పుకుంటే ఏం చెయ్యాలన్న భయం. అంతకంటే, మొహం తిప్పుకోకపోతే ఏం చెయ్యాలన్న భయం.

ప్లాతానితోస్ చిన్న ఊరు. అర్ధచంద్రాకారంలో ఇసుక, దాని మీదికి లాగిన పడవలు, వెనక మడ అడవి, ముందు నాలుగైదు పాకలు. మొదటి పాక ముందు ఎర్ర ఏప్రన్ కట్టుకుని పొట్టిగా, సన్నగా ఒక మనిషి, ముందే కబురందినట్టు దారి వైపు చూస్తూ నిలబడి ఉంది. జుట్టు మొత్తం తెల్లబడింది. పదకొండేళ్ళ కిందట నల్లగా ఉండేది. ఒతీలియాకి ముందు కనిపించింది ఆ జుట్టే.

"వచ్చావా అక్కా" అంది ఎర్మెలిందా.

"పిల్లలు తీసుకొచ్చారు."

"కూకో."

"కూకుంటా. తిండి మాత్రం వద్దు. పీకలదాకా ఉంది, నీళ్ళకి కూడా చోటు లేదు."

"నేనింకా పెట్టలేదుగా" అంది ఎర్మెలిందా. కోపంగా అనలేదు.

నిప్పుల పక్కనే ఉన్న బల్ల దగ్గర వాళ్ళని కూర్చోబెట్టింది. ఒతీలియా కావాలనే నిప్పులకి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. ఎర్మెలిందా లోపల్నుంచి ఒక పెద్ద పార్గోని రెండు చేతుల్తో పట్టుకొచ్చి, "పిల్లలకి" అని జాలీలో బిగించింది. ఒతీలియా చూడకూడదనుకుంటూనే ఓరగా చూసింది. ముద్ద ఎర్రగా ఉంది. ముదురెరుపు. ఎక్కడా తెలుపు లేదు. పుల్ల నారింజ, వెల్లుల్లి, ఎండుమిర్చి కలిసిన వాసన ముక్కుకి తగిలేసరికి ఆమె శాలువా సర్దుకుంది.

చేప నిప్పుల మీదికి ఎక్కింది. చిటపట మొదలైంది.

ఎర్మెలిందా బల్లకి అటువైపు నిలబడి రొసాల్బాతో తన కోడిపుంజు గురించి చెబుతోంది. ఆ పుంజు పక్కింటి పెట్టల్ని వదిలిపెట్టదట, పక్కింటావిడ రోజూ పొద్దున్నే గొడవకొస్తుందట. ఇత్సెల్ కిలకిల నవ్వుతోంది. ఒతీలియా నవ్వలేదు. ఆమె చెవులు వెనక్కి ఉన్నాయి. చిటపట... చిటపట... చిటపట.

ఆగింది.

"...అప్పుడు నేనేమన్నానో తెలుసా, నీ పెట్టల్ని కట్టేసుకోవే, నా పుంజుకేం రోగం అన్నా..."

ఒకటి. ఒతీలియా బల్ల అంచు పట్టుకుంది. రెండు. చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు పుంజు నడకని చేతుల్తో చూపిస్తోంది. మూడు. నాలుగు.

ఒతీలియా లేచింది. కుర్చీ వెనక్కి పడింది. శాలువా ఎక్కడో జారిపోయింది. ఏప్రన్ చెంగు చేతికి చుట్టుకుని జాలీ పిడి పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. తోక అంచు కాస్త మాడింది. మిగతా చర్మం బంగారు రంగులో నిగనిగలాడుతూ పైకి వచ్చింది.

"చెవుల్లో ఏం కూరుకున్నావే?" అని అరిచింది. పదకొండేళ్ళలో చెల్లెలితో మనసారా అన్న మొదటి మాట అదే. "ఇంత చేపని బొగ్గు చేద్దామనా?"

"సరిగ్గా వినపట్టల్లేదక్కా. అరవై వచ్చేసినయ్యిగా."

"అరవైకేనా? అమ్మ ఎనభై రెండేళ్ళకి మంచం మీంచి వినేది! నిప్పులన్నీ ఒకే పక్కకి ఎందుకు లాగావ్? ఈ కట్టె ఎండిందేనా? ఎవరు కొట్టారు ఈ కట్టె? జరుగు. నువ్వు జరుగు."

ఎర్మెలిందా జరిగింది. ఒతీలియా నిప్పులు సర్దింది, రెండోవైపు చిటపట ఆగేదాకా అక్కడే నిలబడింది, ఆగగానే దించింది. తనే బల్ల మీద పెట్టింది. తీసుకొచ్చి పెట్టాక, ఇప్పుడేం చెయ్యాలో తెలియక చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ ఉండిపోయింది.

ఇత్సెల్ చేపని చూసింది, అమ్మమ్మని చూసింది. "అమ్మమ్మా, ఒట్టు చిన్నమ్మమ్మ చేత్తో కాల్చిన దాని గురించే కదా? ఇది నువ్వు కాల్చావ్. నువ్వు తినొచ్చు."

ఒతీలియా మెల్లిగా కుర్చీ ఎత్తుకుని కూర్చుంది. వేడి మొక్కజొన్న రొట్టె తుంచి, చేప చెంప దగ్గర మెత్తటి ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. తల్లి చేతి ముద్ద అది. పులుపు ముందు వచ్చి, కారం తర్వాత వచ్చి, పొగ ఆఖర్న నిలిచింది. పదకొండేళ్ళుగా తను అదే ముద్ద నూరుతోంది, కానీ ఇంకొకరు నూరగా తినలేదు. ఆమెకి ఏడుపొచ్చింది. పొగ అని చెప్పబోయి, చెప్పకుండానే ఏడ్చింది. ఎర్మెలిందా ఎదురుగా కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆదివారాలు వచ్చి జుట్టు దువ్వి పోయేదానివి" అంది ఒతీలియా, రొట్టె నములుతూనే. "ఒక్క రాత్రి ఉన్నావా?"

"లేదు. ఉండాల్సింది" అంది ఎర్మెలిందా. "ఎత్తి కూకోబెడతంటే అమ్మ నొప్పితో మూలిగేదిగా. అది వినలేకపోయేదాన్నక్కా. వినలేక పారిపోయేదాన్ని. ఆ మాట నీకు చెప్పుకోడానికి మొహం చెల్లలేదు."

ఒతీలియా ఇంకో ముక్క తుంచి చెల్లెలి ముందు పెట్టింది. తిను, అని కూడా అనలేదు. ఎర్మెలిందా తింది. రొసాల్బా, నబోర్ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎగబడ్డారు. కాసేపట్లో చేపకి వెన్నెముక మిగిలింది.

ఆ సమయానికి తెపిక్ నుంచి ఒక కుటుంబం వచ్చి చివరి బల్ల దగ్గర కూర్చుంది. ఎర్మెలిందా లేచి వాళ్ళకి ఇంకో చేప పెట్టింది. ఈ చేపకి పట్టించిన ముద్ద లేత గులాబీ రంగులో, నునుపుగా ఉంది. ఒతీలియా అది చూసి ముక్కు చిట్లించింది. ఎర్మెలిందా తిరిగి వచ్చి, ఈసారి అక్క పక్కనే, నిప్పులకి వీపు పెట్టి కూర్చుంది. కోడిపుంజు కథ ఎక్కడ ఆగిందో అక్కడ మొదలుపెట్టింది.

"...ఆవిడ చీపురు పట్టుకుని వచ్చింది. నేను జాలీ పట్టుకుని..."

వెనక చిటపట ఆగింది. ఒతీలియా చెవికి అది తగిలిన క్షణంలోనే ఎర్మెలిందా చెయ్యి వెనక్కి వెళ్ళింది. తల తిప్పలేదు, మాట ఆపలేదు. పిడి పట్టుకుని జాలీని తిప్పేసి చెయ్యి తిరిగి ఒళ్ళోకి తెచ్చుకుంది. "...జాలీ పట్టుకుని నిలబడ్డా. ఇద్దరి మధ్యలో పుంజు."

అందరూ నవ్వారు. ఒతీలియా చేతిలోని రొట్టె ముక్క బల్ల మీద పెట్టేసింది.

చెల్లెలి చెవులకేమీ కాలేదు. ఇందాకా ఆ చెవులు వింటూనే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క చేపని మాడ్చి ఎరగని మనిషి, పొద్దున పడ్డ చేపల్లో పెద్దదాన్ని నిప్పుల మీద వదిలేసి, అయిదు లెక్కపెట్టేంత సేపు ఏమీ పట్టనట్టు పుంజు కథ చెప్పింది. ఒతీలియా లేవకపోతే ఆ చేప మాడిపోయేది, ఆ మాడు వాసన ఊరంతా వచ్చేది. అయినా కదల్లేదు. అక్క ఒట్టు అక్కకి ఉండాలి, అక్క తినాలి. ఆ అయిదు లెక్కలూ ఎంత పొడుగ్గా ఉండి ఉంటాయో ఒతీలియాకి తప్ప ఆ బల్ల దగ్గర ఎవరికీ తెలియదు.

"ఎర్మెలిందా."

"ఊ?"

"ఆ చేప ఎవరిది?"

"చివరి బల్ల వాళ్ళది."

"వాళ్ళకి ఇంకోటి పెట్టు. అది ఇటు తే."

ఎర్మెలిందా అక్క మొహంలోకి చూసింది. "అది నేను కాల్చిందక్కా."

"చూశా."

"మయోనైజ్ ఉంది అందులో."

"నాకూ ముక్కుందే."

"మరి అమ్మ మీద ఒట్టు?"

"అమ్మతో నేను చెప్పుకుంటాలే. నా మాట వింటది ఆవిడ, నేను ఎత్తి కూకోబెట్టినదాన్ని." ఒతీలియా వెనక్కి చెయ్యి పెట్టి, ఏప్రన్ ముడి రెండు అంగుళాలు వదులు చేసుకుంది. "తే, చల్లారిపోద్ది."

చేప వచ్చింది. అరటి రొట్టె, పనసతొనలు, రెండు డజన్ల గుల్లలు, రెండు బొండాలు, మూడు తమాలెలు, ఒక పార్గో చెంప ఉన్న కడుపులోకి ఒతీలియా చెల్లెలు కాల్చిన చేప మొదటి ముక్క పంపించింది. మెల్లిగా నమిలింది. మింగింది.

"ఎట్టా ఉందక్కా?" అని అడిగింది ఎర్మెలిందా.

"మయోనైజ్ ఎక్కువైంది" అంది ఒతీలియా, రెండో ముక్క తుంచుకుంటూ.